కాటా మీద పెట్టకండి: గోదావరి జిల్లాల ఐటీ సంస్థలకు బహిరంగ లేఖ

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం, తణుకు, నరసాపురం... ఈ డెల్టాలో ఎక్కడ ఐటీ ఆఫీసు నడుపుతున్నా సరే, ఆ యజమానులందరికీ, వాళ్ళ దగ్గర అడ్మిన్, అకౌంట్స్ పనులు చూసుకునేవాళ్ళకీ నమస్కారం.

కాకినాడలో నాదొక చిన్న కంప్యూటర్ సర్వీస్ షాపు. మీలో కొందరితో ఏఎంసీ (ఏడాది మొత్తానికి సర్వీసు ఒప్పందం) ఉంది, కొందరు పనిపడినప్పుడు పిలుస్తారు. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ వాళ్ళు విండోస్ 10కి సపోర్టు ఆపేసిన దగ్గర్నుంచీ మీ ఫోన్ల తీరు మారిపోయింది. ఇదివరకు "సిస్టమ్ ఆన్ కావట్లేదండీ, ఒకసారి వస్తారా" అనేవారు. ఇప్పుడు "పాత సిస్టమ్స్ మొత్తం తీసేస్తున్నాం, స్క్రాప్‌కి ఎవరైనా మంచి పార్టీ ఉన్నారా" అని అడుగుతున్నారు. మంచి పార్టీ అంటే కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చే పార్టీ అని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ పార్టీని నేను చూపించట్లేదు. ఎందుకు చూపించట్లేదో ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ నాలుగు రూపాయలు ఎక్కడినుంచి పుడుతున్నాయో చూడండి. మీ ఆఫీసు సరుకు తుక్కు కొట్టుకి చేరగానే విప్పడం మొదలవుతుంది. సీపీయూ డబ్బా రేకు ఒకవైపు. ఎస్‌ఎంపీఎస్ అనే కరెంటు సరఫరా డబ్బా విప్పితే రాగి చుట్టలు, అల్యూమినియం ముక్కలు ఇంకోవైపు. ప్రాసెసర్లకి, ర్యామ్‌లకి బంగారు పూత ఉంటుంది కాబట్టి వాటి లెక్క వేరు. మదర్‌బోర్డులు గోనెసంచుల్లో కుక్కి పక్కన పడేస్తారు. అవి చేతులు మారుతూ పెద్ద ఊళ్ళకి వెళ్ళిపోతాయి. ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్ల వాటిని ఆసిడ్‌లో ముంచి లోహాలు తీసే పని ఏళ్ళ తరబడి జరిగింది, పేపర్లలోనూ వచ్చింది. ఇంతవరకూ వింటే మన ఊళ్ళో ఏమీ మిగల్లేదు కదా అనిపిస్తుంది.

వైర్లు మిగులుతాయి. పవర్ కార్డులు, వీజీఏ కేబుళ్ళు, లాన్ వైర్లు. ఒక్కొక్కటీ పట్టుకుని తొడుగు ఒలుస్తూ కూర్చుంటే కూలి గిట్టదు. అందుకని చీకటి పడ్డాక డ్రెయిన్ పక్కనో, కాలువగట్టు మీదో కుప్ప పోసి అంటిస్తారు. మంట అంచు ఆకుపచ్చగా లేస్తుంది, అది రాగి. పైకి లేచే నల్లపొగ వైరు తొడుగులోని పీవీసీ ప్లాస్టిక్‌ది. అందులో డయాక్సిన్లనే విషపదార్థాలు ఉంటాయి. గొంతులో గీరినట్టుండే ఆ వాసన ఒకసారి పీల్చినవాడు మర్చిపోడు. తెల్లారేసరికి రాగి సంచిలోకి వెళ్తుంది, బూడిద గట్టు మీదే ఉంటుంది.

మానిటర్లు మిగులుతాయి. పాత డబ్బా మానిటర్లు మీ దగ్గర లేకపోవచ్చు గానీ, ఇంజినీరింగ్ కాలేజీల స్టోర్‌రూముల్లో ఇప్పటికీ బయటపడుతున్నాయి. మెడ దగ్గర ఒక్క దెబ్బ వేసి రాగి చుట్ట లాక్కుంటారు, గాజు గోతిలో పోస్తారు. ఆ గాజులో సీసం ఉంటుంది. ఎల్‌ఈడీ రాకముందు కొన్న ఎల్‌సీడీ మానిటర్లలో తెర వెనక పెన్సిల్ కంటే సన్నటి ట్యూబులుంటాయి, వాటిలో పాదరసం. అవి విప్పేటప్పుడే పుటుక్కున విరుగుతాయి. ఇక బ్యాటరీలు. ప్రతి టేబుల్ కిందా ఉండే చిన్న యూపీఎస్‌లో 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ రెండు కిలోల పైచిలుకు తూగుతుంది. అందులో సగానికి పైగా సీసమే. మన కరెంటు కోతలకి అది రెండు మూడేళ్ళు కూడా నిలవదు. పెద్ద ఇన్వర్టర్ బ్యాటరీలైతే ముందు మూత తీసి ఆసిడ్ వంచేస్తారు, ఆ తర్వాతే కాటా. సీసం పిల్లల మెదడు మీద పనిచేస్తుందనీ, ఇంతవరకు ఫర్వాలేదనే మోతాదు అంటూ ఏదీ లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో చెప్పింది.

రిజిస్ట్రేషన్ ఉన్న రీసైక్లర్ ఆ వైరుని మిషన్‌లో ఒలుస్తాడు. గాజుని, పాదరసాన్ని విడిగా పెడతాడు. పొగకి ఫిల్టరు, పనివాడికి గ్లౌజులు, ప్రతి కిలోకీ లెక్క. ఈ ఖర్చంతా పోను మీకు ఇస్తాడు కాబట్టి అతని రేటు తక్కువ. ఇవేవీ చేయనివాడికి మిగిలినదాంట్లో మీకు అందే వాటాయే ఆ నాలుగు రూపాయలు.

హైదరాబాద్‌లో జరగట్లేదా, బెంగళూరులో జరగట్లేదా అని మీలో ఒకాయన నాతో వాదించారు. జరుగుతోంది. అక్కడ జరగడమూ తప్పే. కానీ మన నేల సంగతి వేరండీ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఈ డెల్టాలో నీళ్ళు రావడం కాలువ మీద, పోవడం డ్రెయిన్ మీద. ఆ కాలువల కింద సుమారు పది లక్షల ఎకరాల సాగు ఉంది. సాగు ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. తీరం వైపు ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి కాబట్టి తాగేదీ ఆ కాలువ నీళ్ళే. వేసవిలో కాలువలు కట్టేసేలోపు ఊరూరా మంచినీళ్ళ చెరువు నింపుకుంటాం. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేదాకా ఆ చెరువే దిక్కు. ఫిల్టర్‌బెడ్‌లో మట్టి ఆగుతుంది, క్లోరిన్‌తో క్రిములు చస్తాయి. నీళ్ళలో కరిగిన సీసం వీటికి లొంగేది కాదు.

కాలువ కట్టేసిన రోజుల్లో వంతెన మీద ఆగి ఒకసారి కిందకి చూడండి. ఎండిన బురదలో కవర్లు, సీసాల మధ్య కీబోర్డు చెక్కలు, టోనర్ డబ్బాలు, విరిగిన మౌస్‌లు కనిపిస్తాయి. పైకి కనిపిస్తున్నవి ఏరొచ్చు. గట్టు మీద బూడిద తొలి వానకే జారిపోయి ఉంటుంది, దాన్ని ఎవరు ఏరతారు? అందులోనూ మనది పల్లపు నేల. 1986లో, 2022లో వచ్చిన వరదలకి లంకల్లో ఏం మిగిలిందో చూశాం. 2025 అక్టోబరులో మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. నేల మీద ఉన్నది నేల మీద ఉండని చోటు ఇది.

మీలో చాలామంది ఇళ్ళల్లో రొయ్యల చెరువులున్నాయి, కొందరి ఆఫీసు పెట్టుబడే ఆ చెరువుల మీద వచ్చింది. యూరప్ వెళ్ళే రొయ్యలో యాంటీబయోటిక్స్‌తో పాటు సీసం, కాడ్మియం కూడా పరీక్షిస్తారని మీకు నేను చెప్పాలా? కాకినాడ వైపు డ్రెయిన్లు చాలావరకు చివరికి కోరంగి మడ అడవుల దిక్కుకే వెళ్తాయి. అక్కడి పీతా చేపా మళ్ళీ మన బజారుకే వస్తాయి.

ఇక చట్టం. ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2022 అని ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కంపెనీలు అమ్మిన సరుకులో ఇంత శాతం తిరిగి రీసైక్లింగ్‌కి చేరేలా చూడాలని తయారీదారులకి లక్ష్యాలు పెట్టారు. 2025-26కి అది 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం. వాడేవాళ్ళలో మాత్రం బల్క్ కన్స్యూమర్ని ప్రత్యేకంగా పట్టుకున్నారు. ఏడాదిలో ఎప్పుడైనా వెయ్యి, అంతకుమించి పరికరాలు వాడిన సంస్థ తన ఈ-వ్యర్థాన్ని రిజిస్టర్ అయిన తయారీదారుకో, పాతవాటిని బాగుచేసి అమ్మే రీఫర్బిషర్‌కో, రీసైక్లర్‌కో మాత్రమే ఇవ్వాలి. ఈ మాట చెప్పగానే మీలో చాలామంది తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. "మా దగ్గర ఉన్నవి నలభై సిస్టమ్స్, మాకు వర్తించదు."

ఆ నలభైతో పాటు ప్రింటర్లు, రౌటర్లు, యూపీఎస్‌లు, ఇన్వర్టర్లు, ఏసీలు, ఫోన్లు కూడా ఆ జాబితాలోవే. కొంచెం పెద్ద ఆఫీసులవాళ్ళు ఓసారి లెక్కపెట్టుకుంటే మంచిది, ఆడిటర్ లెక్కపెట్టేలోపు. అన్నీ కలిపినా మీకు వెయ్యి కావనే అనుకుందాం. నలభై సిస్టమ్స్ ఆఫీసులు పాతిక కలిస్తే వెయ్యి అవుతాయి. మన డెల్టాలో ఐటీ అంటే ఈ పాతికలే. మెడికల్ కోడింగ్ చేసేవాళ్ళు ఒక అంతస్తు, అమెరికా ట్యాక్స్ పనులు చేసేవాళ్ళు ఒక అంతస్తు, కింద ట్రైనింగ్ సెంటర్. చట్టం ఏనుగుని పట్టుకోవడానికి రాశారు, మనందరం చీమలం. చీమల బారుని ఎవరూ ఆపట్లేదు.

చిన్నవాళ్ళకి నిజమైన ఇబ్బంది ఇంకోటి ఉంది, అది నేను ఒప్పుకుంటాను. మంచి మనసుతో ఒక ఆఫీసువాళ్ళు రీసైక్లర్‌కి ఫోన్ చేస్తే అవతలివాడు మొదట అడిగేది "ఎన్ని టన్నులు?" అని. పన్నెండు మానిటర్లకి ఎవరూ లారీ పంపరు. ఆ పన్నెండు మెట్ల కింద పడి ఉంటాయి, దీపావళి ముందు శుభ్రం చేసేటప్పుడు అడ్డం అనిపిస్తాయి, అప్పుడు మైకు పెట్టుకుని వీధిలో తిరిగే ఆటో వస్తుంది. అడ్మిన్ కుర్రాడిని తిట్టి లాభం లేదు, అతనికి వేరే దారి మీరు చూపించలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే: విడివిడిగా అమ్మడం ఆపి, కలిపి పంపండి. కాకినాడలో ఒక గది, రాజమహేంద్రవరంలో ఒకటి, భీమవరంలో ఒకటి, అమలాపురంలో ఒకటి. గచ్చునేల, వాననీరు రాని కప్పు, తాళం, ఒక రిజిస్టరు ఉంటే చాలు. ఏసీలూ గాజు తలుపులూ అక్కర్లేదు. ఆఫీసులవాళ్ళు తమ పాత సామాను పగలగొట్టకుండా అక్కడ అప్పగించి రసీదు తీసుకుంటారు. మూడు నెలలకోసారి రిజిస్ట్రేషన్ ఉన్న రీసైక్లర్ లారీ నాలుగు ఊళ్ళూ తిరిగి ఎత్తుకెళ్తుంది. రిజిస్టర్ అయినవాళ్ళెవరో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో చూసుకోవచ్చు. వచ్చిన డబ్బుని ఎవరి బరువుకి తగ్గట్టు వాళ్ళకి పంచుకోవచ్చు, లేదా గది అద్దెకి వాడుకోవచ్చు. మీకు అసోసియేషన్లు ఉన్నాయి, వాట్సాప్ గ్రూపులున్నాయి. క్రికెట్ టోర్నమెంటుకి ఇరవై కంపెనీలు వారంలో కలుస్తాయి, దీనికి కలవలేవా?

ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీల్ని మాత్రం ఆ గదిలో మిగతా సామాను మీద పడేయకండి. అవి లిథియంవి, నొక్కుకుపోతే అంటుకుంటాయి. ఇసుక పోసిన రేకు డబ్బాలో విడిగా పెట్టాలి. యూపీఎస్, ఇన్వర్టర్ బ్యాటరీలకి మన దగ్గర ముందునుంచీ ఎక్స్‌చేంజ్ పద్ధతి ఉంది, పాతది ఇస్తే కొత్తదాంట్లో తగ్గిస్తారు. 2022లో బ్యాటరీ వ్యర్థాలకీ విడిగా నిబంధనలు వచ్చాయి. కంపెనీ డీలర్ దగ్గరే ఎక్స్‌చేంజ్ చేసి బిల్లులో రాయించుకోండి. ఈ ఒక్కటీ రేపటినుంచే చేయొచ్చు, దీనికి గదీ అక్కర్లేదు, మీటింగూ అక్కర్లేదు.

తుక్కు కొట్టువాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు లేకపోతే ఈ ఊళ్ళు ఏనాడో చెత్తలో మునిగేవి. ఏ సందులో ఏ ఆఫీసు ఖాళీ చేస్తోందో మునిసిపాలిటీ కంటే ముందు వాళ్ళకి తెలుస్తుంది. విప్పి, కాల్చి సంపాదించే దానికి సమానంగా, విప్పకుండా తెచ్చి ఆ గదిలో అప్పగించినందుకే ఇస్తే వాళ్ళు కాల్చే పని ఎందుకు చేస్తారు? ఆ పొగ ముందు పీల్చేది వాళ్ళ పిల్లలే. వాళ్ళని పక్కనబెట్టి ఏ పథకం వేసినా ఆరునెలల్లో మూలపడుతుంది.

అసలు తీసేయడానికి ముందు ఇంకో మాట. కంపెనీల చట్టం లెక్కలో డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ ఆయుష్షు మూడేళ్ళు, సర్వర్‌ది ఆరేళ్ళు. ఆదాయపన్నులో కంప్యూటర్‌కి ఏటా 40 శాతం తరుగుదల. అకౌంట్స్ పుస్తకంలో అది చచ్చిపోయింది కాబట్టి ఆఫీసులోనూ చచ్చిపోయిందని అనుకుంటున్నారు. మీరు విండోస్ 11 పట్టట్లేదని తోసేస్తున్న వాటిలో చాలావరకు ఆరో తరం, ఏడో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్లవి. ఎనిమిదో తరానికి ముందువి కాబట్టి మైక్రోసాఫ్ట్ వద్దంది, అంతే. హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (చిప్పులతో పనిచేసే వేగమైన డిస్కు) వేసి, ర్యామ్ 8 జీబీ చేసి, విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే బ్రౌజర్‌లో జరిగే పని ఏదైనా హాయిగా చేస్తాయి. అప్‌డేట్లు రాని విండోస్ 10తో నెట్‌కి కలిపి ఉంచమని నేను చెప్పను, అది వేరే టెన్షన్. ఒక ల్యాప్‌టాప్ జీవితకాలంలో వెలువడే కర్బనంలో ఎక్కువ భాగం దాన్ని తయారుచేసేటప్పుడే వెలువడుతుంది. అందుకని మూడేళ్ళది ఆరేళ్ళు వాడడమే మీరు చేయగలిగిన పెద్ద పని. జూన్ 5న పర్యావరణ దినోత్సవమని గేటుకి ఫ్లెక్సీ కట్టి, ఒక మొక్క నాటి, ఆరుగురు చేయి వేసి ఫొటో దిగడం దాని ముందు ఎందుకూ రాదు. పైగా ఆ ఫ్లెక్సీ కూడా పీవీసీయే.

రిపేరు చేసుకునేవాడు కాబట్టి పాతవి ఉంచుకోమంటున్నాడని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. కొత్తవి నలభై అమ్మిపెడితే నాకు వచ్చే కమీషన్ ముందు రిపేరు డబ్బులు ఏపాటి?

ఈ సందర్భంలోనే దానాల గురించి కూడా చెప్పాలి. స్కూలుకి ఇచ్చేద్దాం అంటారు. మంచిదే. పనిచేసేవి, ఓఎస్ ఎక్కించినవి, కనీసం ఏడాది సర్వీసు మీరు భరించేవి అయితే ఇవ్వండి. అలా కాకుండా ఆన్ కాని సిస్టమ్స్ పట్టుకెళ్ళి గవర్నమెంటు స్కూలు వరండాలో దించడం వట్టిపోయిన ఆవుని దానమిచ్చినట్టే. హెడ్‌మాస్టరు గారికి వాటిని స్టాక్ రిజిస్టర్లోంచి తీయించడానికి ఏళ్ళు పడుతుంది, ఆఖరికి అవీ ఆ ఆటోలోకే ఎక్కుతాయి.

మీలో పర్యావరణం అంటే కదలనివాళ్ళు కూడా డేటా అంటే ఉలిక్కిపడతారు. పాత సిస్టమ్ పంపేముందు క్విక్ ఫార్మాట్ కొట్టి చేతులు దులుపుకుంటున్నారు. దానివల్ల పోయేది లోపలి సూచిక మాత్రమే, ఫైళ్ళు అక్కడే ఉంటాయి. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటికి తీయొచ్చు. తుక్కులోకి వెళ్ళిన హార్డ్‌డిస్కుల్లో పనిచేసేవన్నీ సెకండ్‌హ్యాండ్ బజారుకి వస్తాయి. మీ జీతాల పట్టీలు, మీ అమెరికా క్లయింటు పేషెంట్ల రికార్డులు వాటితోనే. ఒక ఆఫీసులో డిస్కులన్నిటినీ డ్రిల్లుతో పొడిచి ధైర్యంగా ఉన్నారు. హార్డ్‌డిస్కు అయితే కొంత నయం. ఎస్‌ఎస్‌డీలో నాలుగు చిప్పులుంటే డ్రిల్లు ఒకదానికి తగులుతుంది, మిగతా మూడూ బతికే ఉంటాయి. హార్డ్‌డిస్క్‌ని మొత్తం ఓవర్‌రైట్ చేయాలి, అంటే పాత డేటా మీద కొత్తది నింపాలి, ఎస్‌ఎస్‌డీకి డిస్కే తన చిప్పులన్నిటినీ చెరిపేసుకునే సెక్యూర్ ఎరేజ్ చేయాలి. సీరియల్ నంబరుతో సహా సర్టిఫికెట్ తీసుకోవాలి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఆ కాగితం మీకు అన్నం పెట్టే కాగితం. కాటావాడు దాన్ని ఇవ్వలేడు.

ఇంటినుంచి పనిచేసే పిల్లల దగ్గర ఉన్న ల్యాప్‌టాప్‌లు, పాడైన చార్జర్లు, రౌటర్లు కూడా మీ సామానే. ముమ్మిడివరంలోనో మొగల్తూరులోనో అటక మీద ఉన్నాయి కాబట్టి మీవి కాకుండా పోవు. రాజీనామా చేసినప్పుడు ల్యాప్‌టాప్ వెనక్కి అడిగినట్టే చార్జర్ కూడా అడగండి.

ఇకమీదట కొనేటప్పుడు పర్చేజ్ ఆర్డర్లో ఒక వాక్యం రాయించండి: వాడకం అయిపోయాక ఈ సరుకు తయారీ కంపెనీయే తిరిగి తీసుకోవాలి అని. వాళ్ళకి 70 శాతం లక్ష్యం ఉందని పైన చెప్పాను, వాళ్ళకీ సరుకు కావాలి. ఒక్క కంపెనీ అడిగితే సేల్స్ కుర్రాడు నవ్వి ఊరుకుంటాడు. పాతికమంది అదే వాక్యం రాస్తే వాళ్ళ ఆఫీసులో ఎవరో ఒకరు దానికి జవాబు వెతకాల్సి వస్తుంది.

ప్రభుత్వం చూసుకోవాలి అనేవాళ్ళకి: స్వచ్ఛాంధ్ర అని నెలనెలా మూడో శనివారం కార్యక్రమం నడుస్తోంది. ఆ రోజు కలెక్టరు గారి దగ్గరకి అసోసియేషన్ తరఫున వెళ్ళి ఒక ఖాళీ గోడౌను అడగండి. సమస్య చెప్పి వచ్చేస్తే వినతిపత్రం ఫైల్లో పడుతుంది. గది ఇస్తే లారీ మేం తెస్తాం అంటే ఎవరైనా ఆలోచిస్తారు.

కాకినాడ వరకు మొదటి విడత లెక్క నేను చూసుకుంటాను. ఎన్ని సీపీయూలు, ఎన్ని మానిటర్లు, ఎన్ని బ్యాటరీలు, ఎన్ని హార్డ్‌డిస్కులు ఉన్నాయో ఒక కాగితం మీద రాసి, ఏఎంసీకి వచ్చిన మా కుర్రాళ్ళ చేతికివ్వండి. పనిచేసేవి విడిగా, పనిచేయనివి విడిగా రాయండి. వైర్లు బరువు వేయనక్కర్లేదు, ఎన్ని సంచులో చెబితే చాలు. లారీకి సరిపడా లెక్క తేలగానే రీసైక్లర్‌తో మాట్లాడి, రేటూ తేదీ మీ అందరి ముందూ పెడతాను. నా కమీషన్ ఏమీ లేదు. దించడానికి ఇద్దరు మనుషుల్ని మాత్రం ప్రతి ఆఫీసూ పంపాలి, ఆ మానిటర్లు మూడో అంతస్తు నుంచి నేనొక్కణ్ణే మోయలేను.

ఇట్లు,
మీ కంప్యూటర్ మెకానిక్,
కాకినాడ